బాటసారి వాటా

ముక్కూమొహం తెలియని బాటసారికి గుక్కెడు నీళ్లు, పూట భోజనం, రాత్రికి తలదాచుకోను ఓ అరుగు ఇచ్చే ఆచారం దక్కనులో దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది. చలివేంద్రం, అన్నదానం, సత్రం దాని మూడు రూపాలు. వీటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా రాజులు, జమీందార్లు, మహాదాతల పేర్లే ముందుకొస్తాయి. కానీ తరతరాలుగా ఆగకుండా నడిచిన వాటి లెక్కలు చూస్తే చాలాచోట్ల ఉమ్మడి సొమ్మే కనిపిస్తుంది. అంగట్లో బస్తాకింత, కళ్లంలో కుంచానికింత, ఇంటికో పిడికెడు చొప్పున పోగైన సొమ్ము అది.

ఆ సొమ్ము పోగయ్యే దారులు ముఖ్యంగా ఐదు. వర్తకులు సరుకు చేతులు మారినప్పుడు కట్టే రుసుము మొదటిది. నూర్పిళ్లప్పుడు రాశి ఇంటికి చేరకముందే కళ్లంలో తీసే ధర్మపు గింజలు రెండోది. ఇల్లాలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఓ పిడికెడు వేరే కుండలో వేసి, నెలకోసారి అడగవచ్చినవారికి ఇచ్చే పిడికెడు బియ్యం మూడోది. పండగకో, ఎండాకాలానికో వీధి వీధీ తిరిగి వసూలు చేసే చందా నాలుగోది. అసలు ముట్టుకోకుండా వడ్డీతో మాత్రమే ధర్మం నడిపే శాశ్వత నిధి ఐదోది. ఈ ఐదింటిలోనూ ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడు ఎవరో తెలియదు. అందుకే వీటి చరిత్రంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: సొమ్ము ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరి చేతిలో ఉంది, చివరికి ఎవరికి చేరింది?

రాజు నాటిన చెట్టు, శ్రేణి దాచిన నిధి

బాటసారుల సౌకర్యాల గురించి మన దేశంలో దొరికే తొలి రాతలు అశోకుడివి. దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు నాటించడం రెండో శిలాశాసనంలో ఉంది. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద ఉన్న పద్నాలుగు శాసనాల్లో అదీ ఒకటి. ఏడో స్తంభశాసనం మర్రిచెట్లు, మామిడితోపులు, బావులు, విడిది ఇళ్లు, నీటిపందిళ్ల గురించి ఇంకాస్త వివరంగా చెబుతుంది. తనకు ముందరి రాజులు కూడా ఇలాంటి సుఖాలు కల్పించారని అశోకుడే అందులో ఒప్పుకున్నాడు. ఇదంతా రాజ్యం ఖర్చు. రాజు మారితే, ఖజానా చిక్కితే బావి పూడిపోతుంది, పందిరి కూలిపోతుంది.

ఆ చిక్కుకు విరుగుడు శ్రేణుల దగ్గర దొరికింది. ఒకే వృత్తివారు కట్టుకున్న సంఘం శ్రేణి. అది సొంత కట్టుబాట్లతో నడిచేది, డిపాజిట్లు తీసుకునేది, వడ్డీ కట్టేది. నాసిక్ పదో గుహలో క్షహరాత పాలకుడు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు వేయించిన శాసనాలు ఈ పద్ధతిని పైసలతో సహా చూపిస్తాయి. అతను సాలెవారి శ్రేణుల దగ్గర మూడు వేల కార్షాపణాలు ఉంచాడు. ఒక శ్రేణిలో రెండు వేలు నెలకు నూటికి ఒకటి వడ్డీకి, మరో శ్రేణిలో వెయ్యి నూటికి ముప్పావు వడ్డీకి. రెండు వేల మీద ఏడాదికి వచ్చే వడ్డీ 240. గుహలో వర్షాకాలం గడిపే ఇరవై మంది భిక్షువులకు తలా 12 చొప్పున చీవరాల కింద ఇవ్వడానికి అది సరిగ్గా సరిపోతుంది. అసలు తిరిగి ఇవ్వనక్కర్లేదని, వడ్డీ మాత్రమే వాడాలని శాసనంలో స్పష్టంగా ఉంది. ఈ ఏర్పాటును నగర సభలో చదివి వినిపించి, పలక మీద రాయించి భద్రపరిచారు. అదే దాత బరుకచ్ఛం, దశపురం, గోవర్ధనం, శూర్పారకం పట్టణాల్లో విడిది ఇళ్లు కట్టించాడు. తపతి మొదలైన నదుల మీద డబ్బు తీసుకోని పడవలు నడిపించాడు. రేవుల దగ్గర నీటిపందిళ్లు పెట్టించాడు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉత్తరాన మథురలో కుషాణ రాజు హువిష్కుడి పాలనలో, 28వ సంవత్సరంలో, ఒక పుణ్యశాలకు ఇలాంటి నిధే ఏర్పడింది. పురాణాలనే వెండి నాణేలు 550 ఒక శ్రేణి దగ్గర, మరో 550 పిండి చేసేవారి శ్రేణి దగ్గర ఉంచారు. వడ్డీతో నెలకోసారి నూరు మంది బ్రాహ్మణులకు భోజనం పెట్టాలి. దానితోపాటు ప్రతిరోజూ పుణ్యశాల గుమ్మం దగ్గర పేలపిండి, ఉప్పు, ఆకుకూర కట్టలు ఉంచాలి. ఏది ఎన్ని కొలతలో కూడా శాసనంలో ఉంది. అవి దిక్కులేనివారికి, ఆకలిదప్పులతో వచ్చినవారికి. ఆ వచ్చేవారికి కులం, ఊరు, మతం ఏవీ చెప్పలేదు. ఆకలి, దాహం ఉంటే చాలు.

నీటిపందిరి అప్పటికే జనజీవితంలో భాగమైపోయిందని తెలియడానికి సాహిత్య సాక్ష్యం కూడా ఉంది. శాతవాహన రాజు హాలుడి పేర వెలసిన ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో చలిపందిట్లో నీళ్లు పోసే యువతి, దోసిలి పట్టిన బాటసారి ఒక గాథకు నాయికానాయకులు. పందిరి ఎవరు వేశారో, ఖర్చు ఎవరు పెట్టారో ఆ గాథకు అక్కర్లేదు. చదివేవారికి అది ఎరిగిన చోటు కాబట్టి వివరణ లేకుండానే కథ నడిచిపోయింది.

అంగట్లో మగమ

కాకతీయుల కాలానికి తెలుగునేలలో వర్తక సంఘాలు బలంగా ఉన్నాయి. ఊళ్లూ రాజ్యాలూ దాటి వ్యాపారం చేసే అయ్యావళి ఐదునూర్వురు, పలు పట్టణాల వర్తకులు కలిసిన పెక్కండ్రు, ఒక్కో పట్టణంలో నకరం అనే స్థానిక సంఘం ఉండేవి. రాజుకు కట్టే సుంకం వీరికి ఎలాగూ తప్పదు. దాని మీద తమంతట తాము వేసుకునే రుసుము ఒకటి ఉండేది. శాసనాల్లో దాని పేరు మగమ. పక్కనున్న తమిళదేశంలో అదే మగమై, మహమై అయింది. దక్షిణ తమిళనాడు వర్తక పట్టణాల్లో 20వ శతాబ్దం దాకా ఆ పేరుతోనే సాగింది.

మగమ శాసనాల తీరు సాధారణంగా ఒకేలా ఉంటుంది. పలానా దేవుడికి, పలానా ధర్మానికి పలానా వర్తకులు కూడి నిర్ణయించారని మొదలవుతుంది. తర్వాత సరుకుల జాబితా వస్తుంది. వరంగల్లులో దొరికిన కాకతీయ కాలపు శాసనం ఒకదానిలో ఈ జాబితా ఓ అంగడి వీధి నడిచి చూసినట్టుంటుంది. వక్కలు, కొబ్బరికాయలు, చింతపండు, నువ్వులు, పెసలు, వడ్లు, నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లం, మిరియాలు, పసుపు, అల్లం, ఉల్లి, రాగి, సీసం, చందనం, పట్టు, అన్నీ అందులో ఉన్నాయి. ఉప్పు అమ్మేవాడికీ, కట్టుబట్టలు తప్ప ఏమీ లేని కూలీ కొనే ఉల్లిగడ్డకీ కూడా అందులో వాటా ఉంది. చివర్లో ఈ ధర్మాన్ని చెడగొట్టినవారికి తగిలే పాపాల పట్టీ.

ఈ సొమ్ములో పెద్ద భాగం గుడి దీపానికి, నైవేద్యానికి, ఉత్సవానికి వెళ్లేది. అలాగని బాటసారికి ఏమీ దక్కలేదనుకోకూడదు. ఆనాటి గుడి ఊరి గాదె, ఊరి ఖజానా. గుడి మంటపంలో పడుకునేదీ, కోనేటి నీళ్లు తాగేదీ, ప్రసాదంతో కడుపు నింపుకునేదీ దూరం నుంచి వచ్చినవాడే. వర్తకుడికీ ఇందులో లాభం ఉంది. ఇవాళ ఇక్కడ మగమ కట్టినవాడు రేపు ఎద్దుల మీద బరువు వేసుకుని పరాయి ఊరు చేరినప్పుడు తానూ అక్కడ బాటసారే. ఈ లెక్క వల్లే మగమ ఎవరూ బలవంతం చేయకుండా నిలిచింది.

అదే కాలంలో రాజదానం ఎంత ఎత్తుకు వెళ్లగలదో మల్కాపురం శాసనం చూపిస్తుంది. 1261లో, రుద్రమదేవి పాలనలో, గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యుడు తనకు దానంగా వచ్చిన మందడం ప్రాంతపు గ్రామాల ఆదాయంతో మఠం, విద్యాలయం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం ఏర్పాటు చేశాడు. ఆ సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చినవారెవరికైనా అన్నం పెట్టాలని శాసనం విధించింది. ఆ కాలానికి అంత విశాలమైన మాట అరుదు. అయితే ఆ ధర్మానికి ఆధారం రాజు ఇచ్చిన ఊళ్ల శిస్తు. ఆ ఊళ్లు చేజారితే ఆ పొయ్యి వెలగదు. మగమకు అంత వైభవం లేదు, అలాగే అంత ప్రమాదమూ లేదు. ఒక వర్తకుడు చితికిపోయినా పక్క కొట్టువాడు కడతాడు.

దారి పొడవునా సత్రాలు

విజయనగర కాలం నుంచి 19వ శతాబ్దం దాకా తెలుగువారి దూర ప్రయాణాలు ఎక్కువగా తీర్థయాత్రలే. తిరుపతి, శ్రీశైలం, అహోబిలం, రామేశ్వరం, కాశీ దారుల్లో ఒక రోజు నడకకు ఒక మజిలీ లెక్కన సత్రాలు వెలిశాయి. మామూలు సత్రానికి హంగులు తక్కువ. వెడల్పాటి అరుగు, మధ్యలో చావడి, వెనక బావి, పక్కన చింతచెట్టో మర్రిచెట్టో, వంటకు రెండు మూడు పొయ్యిలు. కొన్నిచోట్ల వండి పెట్టేవారు. ఎక్కువచోట్ల బియ్యం, పప్పు, కట్టెలు ఇస్తే యాత్రికులే వండుకునేవారు. మూడు రోజులు మించి ఉండకూడదనే కట్టుబాటు చాలాచోట్ల ఉండేది. సత్రం ఎవరికీ కాపురం కాకూడదు, వెనక వచ్చేవారికి చోటుండాలి.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెళ్లేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా వెళ్లారు. వచ్చేటప్పుడు కలకత్తా, ఒరిస్సా, తెలుగు కోస్తా వెంబడి వచ్చారు. ఆయన రాసుకున్న కాశీయాత్ర చరిత్ర ఒక విధంగా సత్రాల తనిఖీ పుస్తకం. మజిలీ మజిలీకీ నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా, అంగళ్లున్నాయా, సత్రముందా అన్న వివరాలు ఆయన వదల్లేదు. వందమందితో వెళ్లే ధనికుడికే ఈ సంగతులు ఇంత ముఖ్యమైతే, మూటా ముల్లెతో ఒంటరిగా నడిచేవాడికి సత్రం ఉందా లేదా అన్నది ప్రాణంతో సమానమైన విషయం.

యాత్రాస్థలాల్లో ఈ పని తరచు ఒక వ్యక్తి చొరవతో మొదలై, పదిమంది చేతుల మీదికి వెళ్లేది. 18వ శతాబ్దం చివర్లో కవయిత్రి తరిగొండ వెంగమాంబ తిరుమలలో నృసింహ జయంతి రోజుల్లో భక్తుల విరాళాలతో అన్నదానం నడిపింది. కరువు కాలంలో పట్టణాల్లోనూ ఇలాంటి పొయ్యిలు వెలిగాయి. హైదరలీ యుద్ధం నాటి కరువులో, 1782లో, మద్రాసులో గంజికేంద్రంగా మొదలైన మణియగారు సత్రం ప్రజల చందాలతో పెరిగి పెద్దదైంది. దాని పక్కన ఏర్పడిన వైద్యశాలే తర్వాతి కాలంలో స్టాన్లీ ఆసుపత్రిగా ఎదిగింది.

ఉమ్మడి సొమ్ము జోలికి వెళ్లకుండా సొంత ఆస్తితోనే వచ్చినవారికల్లా అన్నం పెట్టినవారూ లేకపోలేదు. గోదావరి లంకల్లోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) పేరు చెబితే చాలు. వేళాపాళా లేకుండా వచ్చినవారికి వండి వడ్డించిన ఆమె కీర్తి లండన్ దాకా పాకింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. అయితే అలాంటి ఇల్లు ఆ ఇల్లాలు ఉన్నంతవరకే నడుస్తుంది. సత్రపు నిధికి వారసులు అక్కర్లేదు, లెక్క రాసే గుమస్తా ఉంటే చాలు.

చలివేంద్రం ఖర్చు

అన్ని ధర్మాల్లోకీ చవకైనది, అందుకే అన్నిటికంటే ఎక్కువగా వ్యాపించింది చలివేంద్రం. ఉగాదికో శ్రీరామనవమికో మొదలై మృగశిర కార్తెలో తొలకరి పడేదాకా, రెండు రెండున్నర నెలలు దాని ఆయుష్షు. నాలుగు గుంజలు పాతి, పైన తాటాకో కొబ్బరాకో కప్పుతారు. కింద ఇసుక పోసి తడుపుతారు. ఆ ఇసుకలో కొత్త కుండలు సగం దాకా పూడ్చి, చుట్టూ తడి గోనె కడతారు. కొత్త కుండ గోడల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంటే లోపలి నీరు చల్లబడుతుంది. పాత కుండకు రంధ్రాలు పూడుకుపోతాయి కాబట్టి ఏటా కుండలు మార్చాల్సిందే. సువాసన కోసం వట్టివేళ్లు వేస్తారు. తాగేవాడు దోసిలి పడితే, పొడుగాటి కాడ ఉన్న చెంబుతోనో గరిటెతోనో పైనుంచి పోస్తారు. కాస్త చేయి తిరిగిన ఊరైతే మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి ఇస్తారు. నవమినాడు పానకం, వడపప్పు ఉండి తీరతాయి.

ఇందులో డబ్బు పడేది మూడుచోట్లే: కుండలకు, ఆకులకు, నీళ్లు మోసి పోసే మనిషి కూలికి. మొదటి రెండూ వస్తురూపంలో దొరుకుతాయి. కుమ్మరి కుండలిస్తాడు, తోట ఉన్నవాడు ఆకులిస్తాడు, పాడి ఉన్న ఇళ్లవాళ్లు మజ్జిగ పోస్తారు. తప్పనిసరిగా డబ్బు కావాల్సింది మనిషి కూలికే. ఎండలో రోజంతా కూర్చునే ఆ పనికి ఎక్కువగా ఊళ్లోని వృద్ధురాలినో, దిక్కులేని వితంతువునో పెట్టేవారు. అలా బాటసారి దాహం పేరున పోగైన చందా ఊళ్లో ఒక పేద మనిషికి వేసవి గడిపింది. ఈ రెండో మేలు లెక్కల్లో రాయరు.

హైదరాబాదు రాజ్యంలో ఇదే పని వేరే పేర్లతోనూ జరిగింది. మొహర్రం రోజుల్లో వీధి మొగల్లో వెలిసే సబీళ్లు, ఆబ్దార్‌ఖానాలు మంచినీళ్లు, షర్బత్ ఇస్తాయి. కర్బలాలో దాహంతో అమరులైనవారి జ్ఞాపకార్థం ఇచ్చే ఆ నీటికి మతం అడ్డు లేదు. పాతబస్తీ అంజుమన్లు, మొహల్లాల వాళ్లు చందాలు వేసుకుని వాటిని నడుపుతారు. దర్గాల్లో లంగరు, గురుద్వారాల్లో లంగరు కూడా వచ్చినవారికల్లా వడ్డించే ఉమ్మడి వంటలే. సిక్కులు సంపాదనలో పదోవంతు ఇవ్వాలనే దశ్వంధ్ నియమం గురుద్వారా లంగరుకు ఆధారం.

ఎవరు బాటసారి?

మూడో ప్రశ్నకు, సొమ్ము చివరికి ఎవరికి చేరిందన్న దానికి, జవాబు అంత ముచ్చటగా ఉండదు. ఉప్పు కొన్న ప్రతివాడూ మగమలో వాటాదారే. సత్రంలో అరుగెక్కే హక్కు మాత్రం అందరికీ లేదు. అనేక సత్రాలు ఒక కులానికి, లేదా కొన్ని కులాలకే పరిమితం. శ్రీశైలంలో కరివేన సత్రం బ్రాహ్మణ యాత్రికులకు పేరుపొందినది. ఆర్యవైశ్య, రెడ్డి, కమ్మ, వెలమ తదితర కులాల సత్రాలు శ్రీశైలంలోనూ ఇతర క్షేత్రాల్లోనూ ఏర్పడ్డాయి. ఇవన్నీ కులస్థుల చందాలతో పుట్టినవి. ఎవరి సొమ్ము వారి మనుషులకే అన్నది ఇక్కడి సూత్రం. అపరిచితుడే కానీ అపరిచిత కులస్థుడు కాడు.

చలివేంద్రంలో గీత ఇంకా సూటిగా కనిపించేది. అందరూ ముట్టుకునే పాత్ర ఉండకూడదనే చాలాచోట్ల దోసిట్లో పోసే పద్ధతి స్థిరపడింది. అంటరానివారిగా చూసిన కులాలవారు దూరంగా నిలబడాలి. వారికి వేరే చెంబు, లేదా వెదురు గొట్టం చివర నుంచి పోసే నీళ్లు. కొన్నిచోట్ల అదీ లేదు. దాహం అందరిదీ ఒకటే అయినా నీళ్లు అందే దూరం ఒకటి కాదు.

ఈ గీతను చెరిపే పని చట్టం చాలా ఆలస్యంగా చేపట్టింది. మద్రాసు రాష్ట్రంలో 1938లో పౌర అనర్హతల తొలగింపు చట్టం ప్రజా బావులు, దారులు, ప్రజాసంస్థలు అందరికీ తెరవాలంది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, దారులు, ప్రజలకు అంకితం చేసిన చోట్ల కులం పేరిట ఎవరినీ ఆపకూడదని రాసింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ధర్మశాలలు, ముసాఫిర్‌ఖానాలు, అక్కడ వాడే గిన్నెలను కూడా పేరుపెట్టి చేర్చింది. గిన్నె అన్న మాట చట్టంలోకి రావాల్సి వచ్చిందంటే అంతకు ముందు దాని చుట్టూ ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

ధర్మఖాతా, కాటా

సొమ్ము ఎవరి చేతిలో ఉందన్న రెండో ప్రశ్న ఈస్టిండియా కంపెనీ కాలంలో పెద్దదైంది. గుళ్లకు, సత్రాలకు ఇచ్చిన భూముల ఆదాయం ధర్మకర్తల సొంతానికి పోతోందన్న కారణంతో మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్లు, మసీదులతో పాటు వంతెనలు, సత్రాల నిర్వహణను రెవెన్యూ బోర్డు పర్యవేక్షణ కిందికి చేర్చింది. 1863 నాటి చట్టంతో ప్రభుత్వం మతసంస్థల నుంచి చేతులు తీసేసుకుంది కానీ, మతేతర ధర్మాలైన సత్రాల మీద పట్టు ఉంచుకుంది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో వాటిలో ఎన్నో లోకల్ ఫండ్ బోర్డులకు, తాలూకా బోర్డులకు చేరాయి. 1890లో దేశమంతటికీ ధర్మదాయ నిధుల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1951, 1966, 1987 చట్టాలు దేవాదాయ ధర్మాదాయ శాఖకు ఈ బాధ్యత అప్పగించాయి. ధర్మాదాయం అన్న నిర్వచనంలో విశ్రాంతి గృహాలు, సత్రాలు, పేదల భోజనశాలలు ఇప్పటికీ ఉన్నాయి.

మగమ మాటేమిటి? కాకతీయుల రాళ్ల మీద నుంచి అది వర్తకుల చిట్టాల్లోకి దిగింది. 19, 20 శతాబ్దాల్లో టోకు వ్యాపారుల పద్దు పుస్తకాల్లో ధర్మం, ధర్మాదా అనే ఖాతా వేరుగా ఉండేది. బస్తాకింత, బండికింత అని బిల్లులోనే పట్టుకునేవారు. ఇక్కడే మొదటి ప్రశ్న ముందుకొచ్చింది. శాసనంలో వర్తకులు తమ మీద తాము వేసుకున్న రుసుము అంగట్లో మెల్లగా ఎదుటివాడి మీదికి జరిగింది. రైతు పత్తో, వేరుశనగో, మిరపకాయలో తెచ్చి కాటా వేయిస్తే దలాలీ, హమాలీ, తరుగు, కమీషన్‌తో పాటు ధర్మం కూడా అతనికి రావాల్సిన సొమ్ములోంచి కోసేవారు. సత్రం మీద పేరు వర్తకుడిది, పైసలు రైతువి: అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ మార్కెట్లలో జరిగే ఇలాంటి కోతలను ఎత్తిచూపింది. మద్రాసు రాష్ట్రంలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి మార్కెట్ల చట్టం అనుమతి లేని కోతలను ఆపే దారి వేశాయి.

కోర్టుల ముందు నిలిచిన చిక్కు ఇంకొకటి. 1899లో ప్రీవీ కౌన్సిల్ ఒక కేసులో, ధర్మానికి అని మాత్రమే రాసిన వీలునామా చెల్లదని, ఆ మాటకు హద్దు లేదని తీర్పిచ్చింది. మరి బిల్లులో ధర్మాదా అని రాసి వసూలు చేసిన సొమ్ము ఎవరిది? వ్యాపారి ఆదాయమా, అతని చేతిలో ఉన్న పరాయి సొమ్మా? 1970ల చివర్లో బిజిలీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొనుగోలుదారులు ధర్మం కోసమని తెలిసి విడిగా ఇచ్చిన సొమ్ము మొదటి నుంచీ ధర్మానిదే, వ్యాపారి దాన్ని చేరవేసేవాడు మాత్రమే కాబట్టి అది అతని ఆదాయంలోకి రాదంది. వర్తక లోకంలో ధర్మాదా అంటే ఏమిటో అందరికీ తెలుసుననీ అంది. నాసిక్ గుహలో అసలు వేరు, వడ్డీ వేరు అని గీసిన గీతకు ఇది దగ్గరి చుట్టం.

రైలు వచ్చాక

1856లో మద్రాసు నుంచి తొలి రైలు కదిలింది. 1900 నాటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన పూర్తయి, కలకత్తా–మద్రాసు దారి కలిసింది. నెలల నడక రోజులకు తగ్గింది. దానితో రోజుకో మజిలీ సత్రం పని తీరిపోయింది. స్టేషన్లకు ఎదురుగా, పుణ్యక్షేత్రాల్లో కొత్త సత్రాలు లేచాయి. దారి మధ్యలోవి పాడుబడ్డాయి, లేదా బడులకు, కచేరీలకు, ఆనక పెళ్లిళ్లకు చోటిచ్చాయి. కల్యాణమంటపంగా మారిన సత్రం అద్దె తెస్తుంది. ఆ అద్దెతో అన్నదానం నడిపేవీ ఉన్నాయి, బోర్డు మీద ధర్మసత్రమన్న పేరు తప్ప ధర్మం మిగలనివీ ఉన్నాయి.

నేటి రూపాలు

పాత పద్ధతుల్లో బాగా నిలిచింది శాశ్వత నిధి. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించిన నిత్యాన్నదాన పథకం రోజుకు రెండు వేల మందితో మొదలైంది. విరాళాలను బ్యాంకుల్లో ఉంచి, వడ్డీతో భోజనం పెట్టడం దాని పద్ధతి. ఉషవదాతుడు సాలెవారి శ్రేణికి అప్పగించిన పనిని ఇక్కడ బ్యాంకు చేస్తోంది. 2011 నుంచి కొత్త భవనంలో జరుగుతున్న ఆ భోజనాలకు తరిగొండ వెంగమాంబ పేరే పెట్టారు. పెద్ద ఆలయాల్లో ఇప్పుడు ఇది మామూలైపోయింది. పుట్టినరోజుకో, పెద్దల తిథికో రుసుము కడితే ఆ రోజు కొందరికి భోజనం పెడతారు. తినేవారెవరో దాతకు తెలియదు.

ప్రభుత్వ సొమ్మూ ప్రజల సొమ్మూ కలిసే ఏర్పాట్లు ఈ శతాబ్దంలో వచ్చాయి. హైదరాబాదులో 2014లో అయిదు రూపాయల భోజనం నగరపాలక సంస్థ, ఒక ధర్మసంస్థ కలిసి మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై, మధ్యలో ఆగి, 2024 ఆగస్టు 15న మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలోనూ పూటకు అయిదు రూపాయలే. మిగతా ఖర్చుకు ప్రభుత్వం డబ్బుతో పాటు దాతల విరాళాలూ తీసుకుంటారు. వేసవిలో మున్సిపాలిటీలు, వర్తక సంఘాలు, అభిమాన సంఘాలు చలివేంద్రాలు పెడుతూనే ఉన్నాయి. కుండల పక్కన ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు చేరాయి, తాటాకు పందిరి మీద ఫ్లెక్సీ ఎక్కింది. ఫ్లెక్సీ మీద పేర్లు పెరిగేకొద్దీ మే నెల నడిమికి ఖాళీ అయిన కుండలూ పెరగడం పట్టణాల్లో ఏటా వినే ఫిర్యాదు. ప్రారంభోత్సవానికి చందా ఇచ్చేవారు దొరుకుతారు, నలభయ్యో రోజు నీళ్లు పోసే మనిషి కూలికి దొరకరు.

నడక ఇంకా బతికి ఉన్న దారుల్లో పాత ధర్మం పాత రూపంలోనే కనిపిస్తుంది. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది భక్తులు కర్నూలు, ఆత్మకూరు మీదుగా నల్లమల అడవి దాటి శ్రీశైలం నడిచి వస్తారు. దారి పొడవునా ఊళ్లవాళ్లు, భక్త బృందాలు పందిళ్లు వేసి మజ్జిగ, భోజనం, కాళ్లకు నూనె, బొబ్బలకు మందు ఇస్తాయి. భాష వేరు, ఊరు వేరు, మళ్లీ ఏడాది దాకా కనబడరు. 2020 లాక్‌డౌన్‌లో ఈ పని యాత్రికులు కాని వారికీ అందింది. సొంతూళ్లకు కాలినడకన బయలుదేరిన వలస కూలీలకు జాతీయ రహదారుల మీద స్థానికులు, స్వచ్ఛంద బృందాలు పులిహోర పొట్లాలు, నీళ్లు, చెప్పులు అందించారు. ఫోన్లలో వందా రెండొందలుగా చేరిన డబ్బు గంటల్లో అన్నమైంది.

ఈ రెండు వేల ఏళ్లలో పోగుచేసే సాధనం మారింది కానీ పోగయ్యే తీరు మారలేదు. ఒక్కరికి బరువు కానంత చిన్న వాటా, అందరూ ఇచ్చే వాటా, అడగకముందే పక్కన పెట్టే వాటా, ఈ మూడు గుణాలు ఉన్నచోట ధర్మం దాతను మించి బతికింది. అది చెడిన చోటల్లా కారణం ఆ మూడు ప్రశ్నల్లో ఒకదాని దగ్గర దొరుకుతుంది. కాటా దగ్గర రైతుకు తెలియకుండా కోసినప్పుడు మొదటిది తప్పింది. ధర్మకర్త భూమిని సొంతం చేసుకున్నప్పుడు రెండోది, చెంబు వేరు చేసినప్పుడు మూడోది. 1817 నుంచి వచ్చిన చట్టాలు, తీర్పులు అన్నీ ఈ మూడు తప్పులను దిద్దడానికి వచ్చినవే. కుండలో నీళ్లు నింపే పని మాత్రం ఏ చట్టమూ చేయలేదు, అది ఎప్పుడూ చందా వేసుకున్న ఊరిదే.